కూలిదినముల కొలతలో ఇంటి ఇంటర్నెట్టు



సురవరం ప్రతాపరెడ్డిగారి స్మృతికి అంకితమైన ఈ ఉపన్యాసమునకు నేనెంచుకొన్న విషయమును విని కొందరు మిత్రులు కించిత్తు నొచ్చుకొనిరి. విద్వద్గద్వాల యని పేరుపడిన సంస్థానము పొరుగున, తిరుపతి వేంకటకవులు అవధానములు చేసి సమ్మానములందిన వనపర్తిలో నిలిచి, నెలకిన్ని వందల రూపాయలకు ఇన్ని ఎంబీపీఎస్ అను బేరసారముల ముచ్చట చెప్పుట రసభంగమని వారి భావము. అయితే 1949లో వెలువడి, 1955లో తెలుగునకు మొట్టమొదటి కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతిని తెచ్చిన ఆయన ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ను శ్రద్ధగా చదివినవారు ఇట్లనరని నా విశ్వాసము. రాజుల దండయాత్రలను పక్కకు నెట్టి, జనులేమి తినిరి, ఏమి కట్టిరి, ఏ ఆటలాడిరి, ఏ నమ్మకములతో బ్రతికిరి అను ప్రశ్నలనే చరిత్రకు ప్రధానముగా నిలిపిన మహానుభావుడాయన. ఆయన నేడు జీవించియున్నచో, మన యిండ్ల గోడలకు మేకుకొట్టి తగిలించిన వైఫై పెట్టెను చూడనట్లు దాటిపోయియుండెడివాడు కాడు.

ఆయనకును ఈ విషయమునకును మఱియొక సంబంధము కలదు. 1926 మే 10వ తేదీన గోలకొండ పత్రికను ప్రారంభించి, 1952లో ఈ వనపర్తి నియోజకవర్గమునుండియే హైదరాబాదు శాసనసభకు ఎన్నికైన ఆ పెద్దమనిషికి, మారుమూల పల్లెకు అక్షరమును చేర్చుట యన నెట్టి కష్టమో అనుభవము చేతనే తెలియును. పత్రిక అచ్చగుట ఒక పని. అది పల్లెకు చేరుట వేఱొక పని. చేరినదానిని పల్లెవాడు కొనగలుగుట మూడవ పని. మొదటి రెండును నెరవేరి మూడవది నెరవేరని చోట గ్రంథాలయోద్యమము పూనుకొని, ఒక ప్రతిని పదిమందికి, చదువనేర్చిన ఒక్కని కంఠమును వీథి యంతటికిని పంచిపెట్టెను. ఇంటర్నెట్టు విషయమున నేడు మనము సరిగా ఆ మూడవ పని యొద్దనే నిలిచియున్నాము. తీగ వచ్చినది, లేదా రాబోవుచున్నది, కొనగలుగుట యెట్లు?

దూరమునకు వెలకట్టరాదను ధర్మమును సైతము పాత తపాలాయే మనకు నేర్పెను. బ్రిటిషిండియాలో 1854కు పూర్వము ఉత్తరమునకు దూరమును బట్టి రుసుముండెడిది. ఆ సంవత్సరమునుండి పావుతులము బరువుగల ఉత్తరము దేశమున నెంత దూరము పోయినను అర్ధణాయే. నగరమున పక్కవీథికి పోవు ఉత్తరమును, కొండలు దాటి అడవిలోని ఠాణాకు పోవు ఉత్తరమును ఒకే బిళ్ళను అంటించుకొని పోయెను. దగ్గఱివాడు దూరపువాని ఖర్చులో కొంత మోయుటయే ఆ యేర్పాటులోని కీలకము. దీనిని మనస్సున నుంచుకొని ముందుకు సాగుదము.

ఇంటర్నెట్టు మన దేశమున ప్రజల వాడుకకు 1995 ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ ద్వారా వచ్చినది. అప్పటి వేగము సెకనుకు 9.6 కిలోబిట్లు; సంస్థలు వేలకు వేలు చెల్లించుచుండగా, విద్యార్థికి మాత్రము బొమ్మలు లేని, ఉత్త అక్షరములు కనబడు ఖాతాను సంవత్సరమునకు 500 రూపాయలకిచ్చిరి. గమనింపుడు: మొదటినాడే తరగతులుండెను, కాని అవి కొనువాడెవడను విచారణనుబట్టి ఏర్పడినవి. పిమ్మట 2004 నాటి బ్రాడ్‌బ్యాండ్ విధానము 256 కిలోబిట్లకు తక్కువ కాని వేగమును బ్రాడ్‌బ్యాండ్ అనెను. 2005 జనవరిలో బీఎస్‌ఎన్‌ఎల్ టెలిఫోను తీగలమీదనే ఆ వేగమును ఇండ్లకు అమ్మ నారంభించెను. 2013లో నిర్వచనము 512కు, 2023 జనవరిలో 2 మెగాబిట్లకు పెరిగెను. అమెరికా ప్రభుత్వము 2024లో తన నిర్వచనమును 100 మెగాబిట్లకు పెంచుకొన్నది. ఆ దేశముతో పోటీపడుమని నేననను. కాని మెట్టు తక్కువగా నున్నచోట ఎక్కినవారి సంఖ్య గొప్పగా కనబడునను సంగతి ప్రభుత్వపు లెక్కలను చదువువారు మఱువరాదు.

ఇప్పటి తరగతులు వేఱు. కొనువాడెవడని ఎవ్వరును అడుగరు. ఎంత కట్టగలవని మాత్రమే అడుగుదురు. 2020 శరత్కాలమున ఫైబరు వ్యాపారము జోరందుకొన్నప్పుడు జియో సంస్థ 30 మెగాబిట్లకు 399 రూపాయలు, ఎయిర్‌టెల్ 40కి 499, బీఎస్‌ఎన్‌ఎల్ 30కి 449 అని మొదటి మెట్టును నిర్ణయించెను. పైమెట్లు వందకు 699గాను, వేయికి 3,999గాను సాగెను. వీనిమీద వస్తుసేవల పన్ను నూటికి 18. కనుక 399 అని గోడపత్రికపై పెద్ద అక్షరములతో నున్నది ఇంటికి వచ్చునప్పటికి 471 అగును. 449 కాస్త 530 అగును. పన్నును చిన్న అక్షరములలో దాచి వెలను చెప్పు ఆచారము ఎక్కడినుండి వచ్చినదో గాని, బట్టలంగడిలో బేరమాడి పైసలు తగ్గించుకొను మన జనులు ఈ విషయమున మాత్రము నోరు మెదపరు.

ప్రభుత్వములును ఈ బజారులో దిగినవి. ఆంధ్రప్రదేశములో 2016 డిసెంబరున తూర్పుగోదావరి జిల్లా మోరి గ్రామములో మొదలై, 2017 డిసెంబరు 27న రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్‌గారి చేతులమీదుగా ప్రారంభమైన ఫైబర్‌గ్రిడ్, భూమిని త్రవ్వక విద్యుత్ స్తంభములమీదనే తీగను లాగి, 149 రూపాయలకు ఇంటర్నెట్టును, దూరదర్శన ప్రసారములను, టెలిఫోనును కలిపి ఇచ్చెదనని ప్రకటించెను. ఆ వెల దేశమును ఆశ్చర్యపఱచెను. అయితే ఆ మొదటి మెట్టునందు 15 మెగాబిట్ల వేగము నెలకు 5 జీబీల వఱకే. ఆ వేగమును నిండుగా వాడినచో ఐదు జీబీలును ముప్పావుగంటలో తీరిపోవునని పలకా బలపము గలవాడెవడైనను లెక్కకట్టవచ్చును. కేరళము 2023 జూన్ 5న కేఫోన్ అను సంస్థ ద్వారా 20 మెగాబిట్లను 299 రూపాయలకు ఇచ్చి, నిరుపేద కుటుంబములకు ఉచితముగా నిచ్చు సంకల్పమును చెప్పుకొన్నది. మన తెలంగాణములో టీ-ఫైబరు 2024 డిసెంబరు 8న 300 రూపాయల వెలతో మొదలైనది. మొదట ఎంచుకొన్న గ్రామములలో నారాయణపేట జిల్లా మద్దూరు ఒకటి, అనగా మన పాత మహబూబునగరు (పాలమూరు) జిల్లా ఊరే.

ఇక్కడ కొంచెము యంత్రములలోనికి తొంగిచూడవలెను. మీ యింటికి వచ్చిన గాజుతీగలో 30 మెగాబిట్ల తీగ, 300 మెగాబిట్ల తీగ అని రెండు జాతులు లేవు. పట్టణమున సాధారణముగా వాడు పద్ధతిలో ఒక్క పోగు దిగువకు సెకనుకు రమారమి 2.5 గిగాబిట్లను మోయును. ఆ పోగును స్తంభముమీది చిన్న పెట్టెలో చీల్చి 32 ఇండ్లకో 64 ఇండ్లకో పంచుదురు. ఎవరికెంత వేగమన్నది అవతలనున్న యంత్రములో ఒక అంకెను మార్చుట చేత నిర్ణయమగును. పేదవాని తీగను నెమ్మదిగా నడపుటకు కంపెనీకి ప్రత్యేకముగా తగ్గు ఖర్చేమియు లేదు. త్రవ్విన కందకము అదే, నాటిన స్తంభము అదే, ఎక్కి తీగ బిగించిన పనివాని కూలి అదే. నిజమైన భారమంతయు ఊరికి తీగను తెచ్చుటలోను, ఊరినుండి పెద్ద నగరమునకు పోవు రాజమార్గమును విశాలముగా నుంచుటలోను కలదు. ఒక వీథిలో నలువది యిండ్లవారు తీసికొన్నచో ఆ భారము నలువది పాళ్ళగును; నలుగురే తీసికొన్నచో నాలుగే. గద్వాల, అచ్చంపేట, కొల్లాపూరు బజారులలో కంపెనీలు ఒకరినొకరు త్రోసికొనుటకును, పదిమైళ్ళ అవతలి పల్లెలో కేబులాయన ఒక్కడే దిక్కగుటకును కారణమిదియే.

వనపర్తి సంస్థానపు చెరువుల నెఱిగినవారికి తక్కినది చెప్పనక్కరలేదు. శ్రీరంగాపురపు రంగసముద్రము నిండియున్నను, తూము దగ్గఱి మడికి పాఱిన నీరు చివరి మడికి పాఱునా యన్నది నీరటికాని వంతుమీద ఆధారపడును గాని చెరువు వైశాల్యముమీద కాదు. ఇంటర్నెట్టునందును వంతు కలదు. భారత టెలికాం నియంత్రణ సంస్థ, అనగా ట్రాయ్, 2009లో గృహవినియోగదారుల విషయమున ఒకే మార్గమును ఏబదిమందికి మించి పంచరాదని మార్గదర్శకము చేసినది. వ్యాపారుల విషయమున ముప్పదిమందికి. పగటిపూట ఆ ఏబదిమందిలో నలుగురైదుగురే యుందురు గనుక అందఱికిని నిండుగా పాఱును. రాత్రి ఎనిమిది గంటలకు, భోజనములై, పిల్లలు పాఠములకును పెద్దలు సినిమాలకును కూర్చుండు వేళ, మన పల్లెలలో “నెట్టు వస్తలేదు, సుట్టు తిరుగుతున్నది” అను మాట ఇంటింట వినబడును. వారు కొన్నది ముప్పది. వచ్చినది మూడో నాలుగో. రసీదుమీద ముప్పదియే యుండును, ‘వఱకు’ అను చిన్న ప్రత్యయము దానిని రక్షించుచుండును.

ఒక కుటుంబమునకు యథార్థముగా ఎంత వేగము కావలెను? ఒక సినిమాను స్పష్టముగా చూచుటకు 5 మెగాబిట్లు చాలును. బొంబాయిలోనున్న కొడుకు ముఖమును చూచుచు మాటాడుటకు రెండుమూడు. పిల్లవాని పాఠమునకు మఱి రెండు. ఇవన్నియు ఒక్కసారిగా జరిగినను ముప్పదిలో ఇరువది మెగాబిట్లు మిగులును. కాబట్టి వేయి మెగాబిట్ల మెట్టు మన పల్లెకు అలంకారము మాత్రమే. నెలకు 3,300 జీబీల పరిమితి యని గొప్పగా చెప్పుదురే, అదియు అట్టిదే. దినమునకు 110 జీబీలను వాడు ఇల్లు వనపర్తి, గద్వాల, నాగరుకర్నూలు అను ఈ మూడు జిల్లాలలో నుండునని నేను తలపను. ముప్పదికి వెలయిచ్చి రాత్రివేళ మూడు పొందుటకంటె, పదునైదుకు వెలయిచ్చి పదునైదును పొందుట మేలు. వేగపు మెట్లను పెంచుకొనిపోవు పోటీలో, అడుగుమెట్టు నిజముగా నిలకడగా నున్నదా యని విచారించువారు కరవైరి. ఇంకొక చిక్కు: అమ్మువాడు బిట్లలో చెప్పును, చేతిలోని ఫోను బైట్లలో చూపును, ఎనిమిది బిట్లు ఒక బైటు గనుక ముప్పది యని కొన్నవానికి తెరమీద మూడున్నర నాలుగు కనబడును. కేబులాయనతో జరుగు తగవులలో సగము ఈ ఎనిమిదిచేత జరుగునవే, వానిలో పాపము అతని తప్పేమియు లేదు.

ఇక వెలను కొలువవలెను. ఐక్యరాజ్యసమితి ఆధ్వర్యమున నేర్పడిన బ్రాడ్‌బ్యాండ్ సంఘము, 2025 నాటికి మొదటి మెట్టు ఇంటర్నెట్టు వెల తలసరి నెలసరి జాతీయాదాయములో నూటికి రెండుపాళ్ళకు మించరాదని లక్ష్యము పెట్టినది. ఈ కొలతతో చూచినచో భారతదేశము మెచ్చుకొనదగిన స్థానముననే యున్నది. కాని సగటు అనునది హైదరాబాదు మాదాపూరు జీతమును గద్వాల చేనుకూలిని ఒకే గంపలో పోసి తూచునది. 2011 జనగణన ప్రకారము అక్షరాస్యత సగమునకు లోపుగానున్న జోగుళాంబ గద్వాల జిల్లాకు నేను వేఱొక కొలతను సూచించుచున్నాను: కూలిదినము. 2024-25లో తెలంగాణములో ఉపాధిహామీ కూలి దినమునకు 300 రూపాయలు. పన్నును విడిచి చూచినచో టీ-ఫైబరు మొదటి మెట్టు సరిగా ఒక దినపు కూలి. పన్నుతో కలిపి జియో మొదటి మెట్టు ఒకటిన్నర దినము, బీఎస్‌ఎన్‌ఎల్‌ది ఒకటిముప్పావు. ఆ యేట నూఱు దినముల పనిని పూర్తిగా పొందిన భాగ్యవంతమైన కుటుంబము ముప్పదివేలు సంపాదించెను; అందులో జియో మొదటి మెట్టుకు 5,650 రూపాయలు, అనగా పందొమ్మిది దినముల కూలి పోయెను. రెండుపాళ్ళ లక్ష్యము ఎక్కడ, ఈ పందొమ్మిది పాళ్ళెక్కడ?

అయినను నేను చెప్పదలచినది మొత్తమును గూర్చి కాదు. మొత్తము తగ్గుచునే యున్నది, ఇంకను తగ్గవచ్చును. పాలమూరువానికి గిట్టనిది మొత్తముకంటె దానిని అడుగు కాలము. జీతగానికి నెలకు నెల జీతము వచ్చును గనుక నెలకు నెల అద్దె కట్టుట అతనికి సహజము. ఈ వ్యాపారపు పద్ధతులన్నియు జీతగానిని చూచి రూపొందినవే. మన ప్రాంతమున ధనము నెలలవారీగా రాదు. గద్వాల నడిగడ్డలో సీడుపత్తి వేయు రైతును చూడుడు: విత్తనకంపెనీకిని రైతుకును నడుమనుండు ఆర్గనైజరు పెట్టుబడికి అప్పిచ్చును, ఆడకూలీలు ఉదయముననే చేనులో దిగి పువ్వుపువ్వునకు పరాగమద్దుదురు, కాయ పగిలి, గింజ తీసి, పంపిన విత్తనము పరీక్షలలో నెగ్గిన పిమ్మట, అప్పును వడ్డీని మినహాయించి, మిగిలిన సొమ్ము ఒకమాటుగా చేతికి వచ్చును. ఆ దినమున అతడు పండ్రెండు నెలల రుసుము కట్టగలడు. ఆషాఢములో మున్నూఱు కట్టలేడు. రాజోలిలోను గద్వాలలోను మగ్గముమీద కూర్చున్న నేతగానికి చీర కోయనిదే మజూరి లేదు; నూలు దేహమునకు పట్టు అంచును పోగుపోగుగా కుట్టు పద్ధతిని కలిపి నేయు చీర ఎన్ని దినములకు తెగునో, అన్ని దినముల కొకమాఱు ఆ యింటికి నెల మొదలగును.

వలసపోవువారి సంగతి మఱింత విలక్షణము. దేశమున ఆనకట్టలు కట్టినచోట నెల్ల పాలమూరు లేబరు అను పేరు వినబడిన కాలము గతించినదని, కల్వకుర్తి, నెట్టెంపాడు, భీమా ఎత్తిపోతలు వచ్చిన పిమ్మట పొరుగు జిల్లాల కూలీలే మన చేలకు వచ్చుచున్నారని చెప్పుట కొంతవఱకు నిజము. కాని మేస్త్రీయొద్ద ముందుసొమ్ము పుచ్చుకొని బొంబాయికో, పుణెకో, హైదరాబాదు కట్టడములకో పోవు కుటుంబములు ఇంకను కలవు. దంపతులు పోయి ముసలివారును బడిపిల్లలును ఊరనుండు ఇల్లు ఒక విధము. ఇంటిల్లిపాదియు తాళము వేసికొని పోవు ఇల్లు వేఱొక విధము. మొదటి యింటికి, సంపాదించువాడు దూరమున నున్నప్పుడే, అనగా డబ్బు చేతిలో లేనప్పుడే, ఇంటర్నెట్టు మిక్కిలి అవసరమగును. రెండవ యింటికి ఆరుమాసములు తీగ నిద్రింపవలెను. కాని నిద్రించిన తీగకును నెలసరి రుసుము నడచును, నడపనిచో కనెక్షను తెగును, తిరిగి పెట్టించుకొనుటకు మరల మొదటి ఖర్చు. పాత టెలిఫోను శాఖ ఇంతకంటె దయగలది. ఊరు విడిచిపోవువాడు సేఫ్ కస్టడీ యని యొక కాగితము వ్రాసియిచ్చి, స్వల్పరుసుముతో తన నంబరును భద్రపఱచుకొని, తిరిగివచ్చి యథావిధిగా పొందెడివాడు. బదిలీలమీద తిరుగు ఉద్యోగి కొఱకు పుట్టిన ఆ మర్యాద, సంవత్సరమున సగము బదిలీమీద నుండు కూలివానికి నేడు హక్కుగా ఏల లభింపరాదు?

మొబైలు ఉన్నది కదా, ఇంటికి తీగ యెందుకు అని కొందఱు పెద్దలు అడుగుదురు. మొబైలు కంపెనీలు సన్నకారు ఆదాయపు తీరును ఫైబరువారికంటె బాగుగా అర్థము చేసికొనినవి. అందుచేతనే 28 దినముల రీచార్జిని కనిపెట్టి, సంవత్సరమునకు పండ్రెండు నెలలుగాక పదుమూడు నెలలను సృష్టించినవి. 2022 జనవరిలో ట్రాయ్ ముప్పది దినముల ప్లాను ఒకటియైన నుండవలెనని ఆజ్ఞాపించినను, పంచాంగకర్తలకు సాధ్యము కాని ఆ పని సాగుచునే యున్నది. అది యట్లుండ, ఇంటి తీగకును చేతి ఫోనుకును ఒక ముఖ్యభేదము కలదు. ఫోను ఒక మనిషిది, తీగ ఒక ఇంటిది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదవ విడతలో, తెలంగాణములో ఎప్పుడైన ఇంటర్నెట్టు వాడిన పురుషులు నూటికి 57 మంది కాగా, స్త్రీలు 26 మందికి కొంచెము మించిరి. మగవాడు వలసపోయినప్పుడు అతని జేబులోని ఇంటర్నెట్టు అతనితోడనే పోవును. బడులు మూతపడియుండగా 2020 సెప్టెంబరు 1నుండి దూరదర్శనముద్వారాను టీ-శాట్ చానలు ద్వారాను పాఠములు చెప్పవలసివచ్చుటకు కారణమేమి? ఇంట టీవీ యున్నది. ఫోను తండ్రితో పొలమునకు పోయినది. డిగ్రీ కళాశాలలలో ప్రవేశమునకు దోస్త్ విధానమున ఆన్‌లైనులోనే ఐచ్ఛికములను గడువులోగా పెట్టవలెను. ఆ గడువు దినమున ఆడపిల్ల పక్కయింటి గుమ్మము నొద్ద వేచియుండుటయో, నెట్టుసెంటరువాడు అడిగినంత యిచ్చుటయో జరుగుచున్నది. స్త్రీకి ఇంటర్నెట్టు అందుట యనగా, నా యుద్దేశమున, ఇంటికి తీగ అందుటయే.

ఆ తీగకై ప్రజాధనము వ్యయము కాలేదా? అయినది, విస్తారముగానే. 2011 అక్టోబరు 25న కేంద్ర మంత్రిమండలి జాతీయ ఆప్టికల్ ఫైబర్ నెట్‌వర్కును ఆమోదించి, రెండున్నర లక్షల గ్రామపంచాయతీలకు వంద మెగాబిట్ల చొప్పున చేర్చుదుమనెను. పిమ్మట దానికి భారత్‌నెట్ అని పేరుపెట్టిరి. 2023 ఆగస్టులో సవరించిన పథకమునకు 1,39,579 కోట్లు కేటాయించిరి. టెలికాం సంస్థలు తమ రాబడిలో నూటికి ఐదు వంతున చెల్లించు సార్వత్రిక సేవానిధియే దీనికి మూలధనము; 2023 చట్టముతో అది డిజిటల్ భారత్ నిధిగా పేరు మార్చుకొన్నది. ఆ యైదుపాళ్ళును తుదకు మన రీచార్జిలనుండి వచ్చినవే గదా. అర్ధణా ఉత్తరపు ధర్మము ఈ నిధియందు సజీవముగా నున్నదని నేను సంతోషింతును. లోపమెచ్చట ననగా, తీగ పంచాయతీ కార్యాలయము తలుపు దాటలేదు. కార్యాలయమునకు తాళము, పెట్టెకు కరెంటు లేమి, చెడినచో బాగుచేయువాడు జిల్లాకేంద్రమున నుండుట, ఇవి దేశమంతట విన్న కథలు. తెలంగాణ ప్రభుత్వము 2016లో ఆరంభించిన మిషన్ భగీరథ గొట్టముల కందకములలోనే ఫైబరు గొట్టమును కూడ వేయుట దూరదృష్టిగల పని. కొల్లాపూరు దగ్గఱి ఎల్లూరునుండి ఎత్తిన కృష్ణ నీరు నల్లాగా మన వాకిటికి వచ్చినది, దాని తోడబుట్టిన తీగ మాత్రము ఏండ్ల తరబడి మట్టిలోనే యుండిపోయినది.

అమ్రాబాదు అడవిని గూర్చి క్లుప్తముగా చెప్పెదను, ఏలయన అచ్చట వెలను గూర్చి చర్చించు అవస్థ ఇంకను రాలేదు. పులుల రక్షితారణ్యమున కందకమునకును, స్తంభమునకును, గోపురమునకును వేర్వేఱు అనుమతులు కావలెను. అప్పాపూరు వంటి చెంచుల గూడెములకు, అనగా పెంటలకు, గాజుతీగ పోవుట కంటె ఆకాశమార్గమే దగ్గఱ. 2022 జూలైలో సెల్లు అందని 24,680 గ్రామములకు 4జీ చేర్చుటకు కేంద్రము ఆమోదించిన 26,316 కోట్ల పథకమును, 2023 నవంబరున ఆదిమ గిరిజన తెగల కొఱకు మొదలైన పీఎం జన్‌మన్‌ను ఇట్టి పెంటల కొఱకే వినియోగింపవలెను. అచ్చట ఉచితమే న్యాయమైన వెల.

ఇతర దేశములు చేసినదానిని రెండు మాటలలో చూతము. ఫిన్లాండు 2010 జూలై 1నుండి ఒక మెగాబిట్టు వేగమును ప్రతిపౌరునికిని చట్టబద్ధమైన హక్కు చేసినది. చిన్న అంకెయే, కాని అది ‘వఱకు’ కాదు, ‘తక్కువ కాకుండ’. అమెరికా నెలకు ముప్పది డాలర్ల చొప్పున సుమారు రెండుకోట్ల ముప్పది లక్షల కుటుంబముల బిల్లులో పాలుపంచుకొని, నిధులు అయిపోగా 2024 జూన్ నాటికి చేయి దులుపుకొన్నది. అలవాటుచేసి విడిచిన సహాయము చేయని సహాయముకంటె క్రూరమనిపించును. మన ట్రాయ్ 2021 ఆగస్టు 31 నాటి సిఫారసులలో, గ్రామీణ గృహమునకు నెలసరి రుసుములో సగమును, రెండువందల రూపాయలకు మించకుండ, నేరుగా ఖాతాలో వేసి పరీక్షించి చూడవలెనని చెప్పెను. ఆ పరీక్షకు గద్వాలకంటె తగిన జిల్లా దొరకదు. అయితే రెండువందలు నెలనెలా వేయుటకు బదులు, సీడుపత్తి రైతుకును వలసకూలికిని అనుకూలముగా సంవత్సరపు రుసుమును పంటకాలమున నొకమాఱు కట్టించుకొని, ఆ సమయముననే సహాయమును జమచేసినచో ఫలము ఎక్కువగా నుండును. కంపెనీలు ఆరునెలల సొమ్ము ముందుగా కట్టినవానికి రాయితీ నిచ్చుచునే యున్నవి. అనగా ముందు కట్టగల ధనవంతునికి వెల తక్కువ, కట్టలేని పేదవానికి వెల ఎక్కువ. పంటచేతికి వచ్చిన వారమున ఆ రాయితీయే పేదవానికిని దక్కునట్లు చేయుట కఠినమైన పనికాదు.

టీ-ఫైబరు ప్రభుత్వపుది గనుక దానిని మఱి రెండు కోరుటకు మనకు అధికారము కలదు. ఊరు విడిచిపోవువాడు పంచాయతీ కార్యాలయమున నొక సంతకముతో తన తీగను నిద్రపుచ్చుకొని, తిరిగివచ్చిననాడు రుసుము లేకయే మేలుకొలుపు హక్కు ఒకటి. రాత్రి ఎనిమిదినుండి పదివఱకు ఆ ఊరి తీగలమీద నిజముగా పాఱిన కనీసవేగమును నెలకొకమాఱు పంచాయతీ గోడమీద వ్రాయించుట రెండవది. చౌకదుకాణమున సరుకు నిలువను పలకమీద వ్రాయు అలవాటు మనకు కొత్తది కాదు. ఈ రెండవదానిని అధికారులు మొదటిదానికంటె ఎక్కువగా వ్యతిరేకింతురని నాకు తెలియును.

ఇంత చేసినను ఇంటికి తీగ తీసికొనలేని కుటుంబములు మిగులును. వారి కొఱకు 2020 డిసెంబరులో కేంద్రము ఆమోదించిన పీఎం-వాణి విధానము కలదు: లైసెన్సు అక్కఱలేకుండ ఎవ్వరైనను తమ తీగను బహిరంగ వైఫైగా మార్చి, చిన్న చిన్న కూపన్లతో గంటకో దినమునకో అమ్మవచ్చును. ఇది సరిగా దినకూలి కొలతకు సరిపోవు వ్యాపారమే. ఆదిలో కంపెనీలు ఇట్టి వారికి గృహవెల నీయక వ్యాపారవెల నడుగుటచే కుంటుపడెను. 2025 జూన్‌లో ట్రాయ్, రెండువందల మెగాబిట్ల లోపు తీగలకు గృహవెలకు రెండింతలు మించి అడుగరాదని కట్టడిచేసినది. ఇప్పుడీ పనికి తగిన చోటు మన ఊళ్ళలో ఏది? ప్రతాపరెడ్డిగారి తరమువారు ఎంతో శ్రమించి నెలకొల్పిన పఠనమందిరముల సంప్రదాయమున్నది. ఆస్తిపన్నులో రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయపన్నుగా మనమే చెల్లించుచున్నాము. మునిసిపాలిటీలును పంచాయతీలును వసూలుచేసిన ఆ ధనము జిల్లా గ్రంథాలయసంస్థలకు వేళకు చేరినచో, ఒక్కొక్క మందిరమునకు నిలకడగల తీగ నొకటి పెట్టించుట పెద్ద విషయము కాదు. పెద్ద విషయము వేఱొకటి: సంధ్య దాటగానే మందిరములు మూతపడును, ఇంటింట తీగలు కిక్కిరియుటయు, పిల్లలు పుస్తకములు విప్పుటయు అప్పుడే. రాత్రి తొమ్మిది గంటల వఱకు తలుపు తెఱచియుంచుటకు ఒక్కొక్క మందిరమునకు అదనముగా ఒక మనిషి జీతము కావలెను. మూడు జిల్లాల సంస్థలును రాబోవు బడ్జెటులో తీగ పద్దుకంటె ముందుగా ఆ జీతపు పద్దును వ్రాసికొనవలసినదిగా కోరుచున్నాను.